ఒక్క పెట్టె స్టూడియో – కొంత చరిత్ర, కొంత సొంత గోల

మూడు నెలల క్రితం నేనొక పెట్టె కొన్నాను. సెకండ్ హాండే లెండి. ఆన్‌సైట్ వెళ్ళిపోతున్న ఒక పాత కొలీగు సామాన్లన్నీ అమ్ముకుంటుంటే, ఫ్రిజ్జు కోసమని వెళ్ళి ఇది పట్టుకొచ్చాను. దాని పేరు ఎంపీసీ వన్. అకాయ్ వాళ్ళది, 2020లో వచ్చిన మోడలు. 16 రబ్బరు మీటలు, 7 అంగుళాల తెర, నాలుగు గుండ్రటి బిరడాలు. శబ్దాన్ని రికార్డు చేస్తుంది, ముక్కలు కోస్తుంది, వరుసలో పేరుస్తుంది, చివరికి పాటగా బయటికిస్తుంది. కంప్యూటరు అక్కర్లేదు.

ఇంటికి తెచ్చిన రోజే మా రూమ్మేటు అడిగాడు, "ల్యాప్‌టాపులో ఇవన్నీ ఫ్రీగా వస్తాయి కదరా, దీనికింత తగలేశావెందుకు?" అని. న్యాయమైన ప్రశ్నే. "పొద్దున్నించీ సాయంత్రం దాకా ఆ తెర ముందే కూచుంటున్నా, రాత్రికైనా వేరే దాని ముందు కూచుందామని" అని ఏదో చెప్పి తప్పించుకున్నాను. కానీ ప్రశ్న బుర్రలో ఉండిపోయింది. అసలీ పెట్టె ఎక్కణ్ణుంచి వచ్చింది? కంప్యూటరు వచ్చి అన్నిటినీ మింగేశాక కూడా ఇదెందుకు బతికుంది? అని వెతుక్కుంటూ పోతే చాలా దూరం వెళ్ళాను. చివరికి వెళ్ళి తేలింది మాత్రం తణుకులో, మా మామయ్య దగ్గర. ఆ కథంతా ఇక్కడ చెబుతా. కాస్త పొడుగు టపా, కాఫీ పక్కన పెట్టుకోండి.

ముందు క్యాసెట్టు

ఇంట్లో స్టూడియో అనే మాట 1970ల్లో కోటీశ్వరులకు మాత్రమే చెల్లేది. ఒక్కో వాద్యాన్ని విడివిడిగా రికార్డు చెయ్యాలంటే మల్టీట్రాక్ టేపు మిషను కావాలి, దాని పక్కన మంచమంత మిక్సరు కావాలి, రెండిటినీ కనిపెట్టుకుని ఉండే ఇంజినీరు కావాలి. మామూలు కళాకారుడు స్టూడియోకి గంటల లెక్కన డబ్బు కట్టాల్సిందే. గంట లెక్క కాబట్టి తప్పులు చేసే స్వేచ్ఛ ఉండదు. సంగీతంలో అతి ఖరీదైనది తప్పు చెయ్యడం, అది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తా దాని దగ్గరికి.

1979లో టాస్కామ్ వాళ్ళు పోర్టాస్టూడియో 144 అని ఒకటి తెచ్చారు. మామూలు క్యాసెట్టు మీదే నాలుగు ట్రాకులు, చిన్న మిక్సరు, రెండూ ఒకే పెట్టెలో. క్వాలిటీ అంతంతమాత్రమే. కానీ 1982 జనవరిలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ న్యూజెర్సీలోని అద్దె ఇంట్లో దీని మీద కొన్ని పాటలు రికార్డు చేసుకున్నాడు. తర్వాత బ్యాండుతో స్టూడియోలో పాడటానికి నమూనాలన్నమాట. తీరా స్టూడియోకెళ్ళి బ్యాండుతో వాయిస్తే ఆ ఇంటి క్యాసెట్టులో ఉన్నది రాలేదు. చివరికి ఆ క్యాసెట్టునే ఆల్బంగా విడుదల చేశారు. అదే 'నెబ్రాస్కా'. మన భాషలో చెప్పాలంటే ప్రోటోటైపే ప్రొడక్షన్లోకి వెళ్ళిపోయింది. మనకీ ఇలాంటివి జరుగుతాయి గానీ ఇంత అందంగా జరగవు.

అంటే గది దొరికింది. కానీ ఆ గదిలో డ్రమ్ములెలా? గిటారూ పాటా అయితే ఒక్కడే చాలు. డ్రమ్ములు వాయించాలంటే మనిషి కావాలి, ఆ మోత భరించే పక్కింటివాళ్ళు కావాలి.

గిటారిస్టు రాసిన కోడు

రోజర్ లిన్ వృత్తికి గిటారిస్టు. ఎరిక్ క్లాప్టన్ 1978లో పాడిన 'ప్రామిసెస్' అనే పాట రాసిన ఇద్దరిలో ఈయనొకడు. సంగీతంతో పాటు కోడు రాసే పిచ్చి కూడా ఉంది. అప్పటి డ్రమ్ము మిషన్లు చేసే టిక్ టిక్ చప్పుడు ఆయనకి నచ్చలేదు. నిజం డ్రమ్ముల్ని రికార్డు చేసి చిప్పుల్లో పెట్టి మీట నొక్కితే పలికించొచ్చు కదా అనుకున్నాడు. 1980లో ఎల్ఎం-1 అనే యంత్రం బయటికొచ్చింది. నిజమైన డ్రమ్ముల శబ్దాలని డిజిటల్‌గా వాడిన మొట్టమొదటి డ్రమ్ము మిషను అదే. ధర దాదాపు 5,000 డాలర్లు, అమ్ముడుపోయినవి 500 పైచిలుకు. మెమరీ ఎంత ఖరీదంటే, ఎక్కువసేపు మోగే పెద్ద తాళాలు, అంటే సింబల్స్, అందులో లేనే లేవు. వాటికి చోటు చాల్లేదు. 1982లో వచ్చిన లిన్‌డ్రమ్‌లో గానీ అవి చేరలేదు. అయినా ప్రిన్స్ లాంటివాళ్ళు ఆ సింబల్స్ లేని మిషను మీదే చరిత్ర రాశారు.

నాకు బాగా నచ్చిన సంగతి ఇది కాదు. లిన్ తొలినాళ్ళలో రాసిన ప్రోగ్రాములో దెబ్బలని పదహారో వంతు స్థానాల్లో మాత్రమే గుర్తుపెట్టుకోవడం కుదిరేది. అంటే ఒక బీటుని నాలుగు గళ్ళుగా కోస్తే, నువ్వు కొట్టిన దెబ్బ ఏదో ఒక గడిలో పడాలి, మధ్యలో పడటానికి వీల్లేదు. తీరా వాయించి వింటే తన వేళ్ళు చేసిన తడబాటంతా మాయమైపోయింది! ప్రతి దెబ్బా దగ్గర్లో ఉన్న గీత మీదకి జరిగి కూర్చుంది. అదొక పరిమితి, ఆయన దాన్ని ఒక సదుపాయంగా మార్చేశాడు. ఇవాళ ప్రపంచంలోని ప్రతి మ్యూజిక్ సాఫ్ట్‌వేరులోనూ ఉన్న 'క్వాంటైజ్' ఇలాంటి చోటే పుట్టింది. మనం సరదాకి అనుకునే 'అది బగ్గు కాదు, ఫీచరు' అనే మాటకి ఇంతకంటే మంచి సాక్ష్యం నేను చూళ్ళేదు.

అన్నీ గీత మీద పడితే మరీ కవాతులా ఉంటుంది. దానికీ మందు ఆయనే వేశాడు. జంట గళ్ళలో రెండోదాన్ని కొంచెం ఆలస్యంగా పలికించడం. దీన్ని స్వింగ్ అంటారు. లెక్క చెప్తా, మన జాతికి లెక్క చెబితే గానీ తృప్తి ఉండదు. నిమిషానికి 100 బీట్లు అనుకోండి. పదహారో వంతు గడి ఒక్కోటి 150 మిల్లీసెకన్లు, జంట 300. స్వింగు 50 శాతం అంటే రెండో దెబ్బ సరిగ్గా మధ్యలో, 150 దగ్గర. 54 శాతం పెడితే 162 దగ్గర. తేడా 12 మిల్లీసెకన్లు. మన ఏపీఐ కాల్లో 12 మిల్లీసెకన్లు ఎవడికీ పట్టదు. ఇక్కడ ఆ పన్నెండుకే తల ఊగుతుంది.

రిలీజు డేటు చంపిన కంపెనీ

ఎల్ఎం-1, లిన్‌డ్రమ్ ఊపు మీద లిన్ 1984లో ఒక పెద్ద యంత్రం తలపెట్టాడు. లిన్ 9000. డ్రమ్ములు, సీక్వెన్సరు, ఆ పైన సొంతంగా శబ్దాలు రికార్డు చేసుకునే సదుపాయం, అన్నీ ఒకే పెట్టెలో. ఊహ అద్భుతం. సాఫ్ట్‌వేరు మాత్రం ఉడకలేదు. బగ్గులతో బయటికొచ్చింది, చెడ్డ పేరు తెచ్చుకుంది. 1986 కల్లా లిన్ ఎలక్ట్రానిక్స్ మూతపడింది.

ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకో మీకు వేరే చెప్పక్కర్లేదు. 'ఈ స్ప్రింటులో ఇచ్చేద్దాం, మిగతాది ప్యాచ్‌లో చూసుకోవచ్చు' అని నేను కూడా తల ఊపిన మీటింగులు చాలానే ఉన్నాయి. మనకైతే ప్యాచ్ పంపడానికి ఇంటర్నెట్టుంది. ఆ రోజుల్లో కొత్త సాఫ్ట్‌వేరంటే చిప్పులు పీకి వేరే చిప్పులు పెట్టడమే.

మునిగిన ఓడలోంచి మనిషి బయటపడ్డాడు. జపాన్ కంపెనీ అకాయ్ ఆయన్ని పిలిచింది. అకాయ్ దగ్గర డేవిడ్ కాకరెల్ అనే గొప్ప హార్డ్‌వేరు ఇంజినీరు ఉన్నాడు. లిన్ ఊహ, కాకరెల్ బోర్డులు, అకాయ్ ఫ్యాక్టరీ కలిసి 1988లో ఎంపీసీ60 వచ్చింది. 4 వరుసలు, వరుసకి 4 మీటలు. ఫ్లాపీ డ్రైవు. 12 బిట్ల శబ్దం. మొత్తం మెమరీలో పట్టేది 13 సెకన్లు, డబ్బు పెట్టి పెంచుకుంటే 26. లిన్ 9000లో చెదిరిన కల, నాలుగేళ్ళకి వేరే పేరుతో నిలబడింది. ఆ 4x4 మీటల చదరం 1988 నుంచి ఇవాళ నా బల్ల మీదున్న పెట్టె దాకా మారలేదు. మన రంగంలో ఏ ఇంటర్‌ఫేసు అన్నేళ్ళు బతికింది చెప్పండి?

13 సెకన్లు! దాంట్లోనే ఆల్బములు చేశారు. 1996లో డీజే షాడో అనే కాలిఫోర్నియా కుర్రాడు 'ఎండ్‌ట్రడ్యూసింగ్' అనే ఆల్బం దాదాపు మొత్తం పాత రికార్డుల ముక్కలతో ఎంపీసీ60 మీద కట్టాడు. 1994లో ఎంపీసీ3000 వచ్చింది, 16 బిట్లు, సీడీ స్థాయి శబ్దం. దాన్ని డెట్రాయిట్‌లో జే డిల్లా అనే మనిషి చేతబట్టి చేసిన పని ఇప్పటికీ డ్రమ్మర్లు కూచుని నేర్చుకుంటున్నారు. ఆయన చాలాచోట్ల ఆ క్వాంటైజ్‌ని ఆపేసేవాడు, లేదా కావాలనే ఒక దెబ్బని ముందుకీ ఒకదాన్ని వెనక్కీ జరిపేవాడు. మిషను మీద వాయించినా, తాగి నడుస్తున్నవాడు ఎక్కడా పడకుండా ఇంటికి చేరినట్టు ఉంటుంది ఆ నడక. 2006లో 32 ఏళ్ళకే పోయాడు. ఆయన వాడిన ఎంపీసీ ఇవాళ వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వారి ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియంలో ఉంది.

పెట్టెలో ఎవరున్నారు?

ఇంతవరకూ మంచి కథ. పేదవాడి చేతికి స్టూడియో వచ్చింది, జయహో. నేనూ ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ ఏమాటకామాట చెప్పుకోవాలి. ఆ పెట్టెలో పలికే డ్రమ్ము ఎవరో ఒకరు ఒకప్పుడు నిజంగా వాయించినదే కదా. వాళ్ళ సంగతేంటి?

1969లో సిన్సినాటి స్టూడియోలో క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ అనే డ్రమ్మరు జేమ్స్ బ్రౌన్ పాట 'ఫంకీ డ్రమ్మర్'కి వాయించాడు. అందులో కాసేపు డ్రమ్ములు ఒంటరిగా మోగుతాయి. ఆ కాసిని సెకన్లు తర్వాత లెక్కలేనన్ని పాటల్లోకి కోసుకెళ్ళారు. పాట హక్కుల్లో ఆయన పేరు లేదు. కాబట్టి ఆ దెబ్బ ఎన్నిసార్లు మోగినా ఆయనకి రావాల్సిందేమీ లేదు. 2017లో పోయాడు.

అదే 1969లో ద విన్‌స్టన్స్ అనే బృందం 'ఆమెన్, బ్రదర్' అనే పాట చేసింది. గ్రెగరీ కోల్‌మన్ అనే డ్రమ్మరు మధ్యలో సుమారు 7 సెకన్లు ఒంటరిగా వాయించాడు. ఇంగ్లండులో జంగిల్, డ్రమ్ అండ్ బేస్ అనే సంగీతాలు పుట్టిందే ఆ 7 సెకన్ల మీద. కోల్‌మన్ 2006లో ఇల్లూ వాకిలీ లేకుండా చనిపోయాడు. ఆ బృందం నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కి మాత్రం 2015లో అభిమానులు చందాలేసుకుని 24,000 పౌండ్లు పంపారు. కోర్టు తీర్పు కాదు, కంపెనీ చెక్కూ కాదు, చందాలు.

1991 డిసెంబరులో న్యూయార్కు కోర్టు ఒక తీర్పిచ్చింది. బిజ్ మార్కీ అనే ర్యాపరు, గిల్బర్ట్ ఓ'సలివన్ పాట ముక్కని అనుమతి లేకుండా వాడాడు. దొంగతనం చెయ్యొద్దన్న బైబిల్ ఆజ్ఞతో మొదలుపెట్టి జడ్జిగారు వాయించేశారు. ఆ తర్వాత ముక్క వాడాలంటే ముందు అనుమతి, దానికి రుసుము తప్పనిసరి అయింది. అయితే ఆ రుసుము ఎవరికి పోతుంది? పాట రాసినవాడికీ, రికార్డింగు సొంతం చేసుకున్న కంపెనీకీ. డ్రమ్ము కొట్టినవాడు ఆ రెండిట్లోనూ లేడు. గిట్‌లో మన కోడు మొత్తం ఉండి, కమిట్ మాత్రం మేనేజరు పేరు మీద ఉంటే ఎలా ఉంటుంది? అలా.

మన వైపు కథ

మద్రాసులో మన సినిమా పాటలు తయారైన రోజుల్లో ఒక పాటంటే పదుల మంది ఒకే హాల్లో కూర్చుని వాయించేవారు. ఒక్క వయొలిన్ తప్పితే అందరూ మళ్ళీ మొదలుపెట్టాలి. ఆ వ్యవస్థలోనే రాజ్-కోటి వంటి సంగీత దర్శకుల దగ్గర కీబోర్డు వాయించిన ఒక కుర్రాడు, తమ ఇంటి పెరట్లో సొంతంగా స్టూడియో కట్టుకున్నాడు. పేరు పంచతన్ రికార్డ్ ఇన్. అక్కణ్ణుంచి 1992లో 'రోజా' వచ్చింది. రెహమాన్ గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది. కానీ చరిత్ర కోణంలో చూస్తే ఆ పెరటి గది చేసిన పెద్ద పనేంటంటే, పాట అనేది ఒక హాల్లో ఒకే పూట జరిగే సంఘటన కాకుండా పోయింది. ఒక గదిలో, రాత్రుళ్ళు, పొర మీద పొరగా పేర్చుకునే వస్తువైంది. స్ప్రింగ్‌స్టీన్ క్యాసెట్టూ ఇదీ ఒకే చెట్టు కొమ్మలు.

సంగీతం బాగుపడిందా అంటే, నా మటుకు నాకు అవుననే అనిపిస్తుంది. హాల్లో కూర్చున్న పదుల మంది ఏమయ్యారంటే, చాలామందికి పిలుపులు తగ్గిపోయాయి. రెండూ నిజాలే, ఒకటి చెప్పి రెండోది దాచడం నాకిష్టం లేదు.

ఊళ్ళల్లో ఇదే కథ ఇంకో రూపంలో నడిచింది. 1985లో రోలాండ్ కంపెనీ ఆక్టాపాడ్ అని 8 మీటల పలక ఒకటి తెచ్చింది, కర్రల్తో కొట్టేది. మన పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో దాన్ని చూడనివాళ్ళుండరు. 'ప్యాడ్స్' అంటారు. డోలక్, తబలా, డప్పు, డ్రమ్ము అన్నీ ఒకే మనిషి చేతిలోకి వచ్చాయి. ముగ్గురు చేసే పని ఒకడు చేస్తున్నాడంటే, ఇద్దరు ఇంటికెళ్ళినట్టే.

ఆ ఇంటికెళ్ళినవాళ్ళలో ఒకడు మా మామయ్య. తణుకు చుట్టుపక్కల పెళ్ళిళ్ళు, రామనవమి పందిళ్ళు, వినాయక చవితి స్టేజీలు, ఎక్కడ ఆర్కెస్ట్రా పెట్టినా డోలక్ ఈయనదే. మా అమ్మ పెళ్ళికి తనే వాయించాడట, కన్నీళ్ళు కారుతున్నా తాళం తప్పలేదట. నాకు ఊహ తెలిసేసరికి ప్యాడ్స్ వచ్చేశాయి, ఆ తర్వాత తాళం తనే వేసుకునే కీబోర్డులొచ్చాయి. మామయ్య షామియానా కొట్టులో లెక్కలు రాయడానికి కుదురుకున్నాడు. డోలక్ అటక మీదకెక్కింది.

కంప్యూటరు మింగింది, మళ్ళీ కక్కింది

ఇంతలో పెట్టెలకీ అదే గతి పట్టింది. 1990లు ముగిసేసరికి సీక్వెన్సరూ, రికార్డరూ, వాద్యాలూ అన్నీ కంప్యూటర్లోకి దూరిపోయాయి. 1996లో వీఎస్‌టీ వచ్చాక ఎఫెక్టులు కూడా సాఫ్ట్‌వేరే. 2000లో జపాన్‌లో అకాయ్ కంపెనీ దివాళా తీసింది. సంగీత పరికరాల విభాగం చేతులు మారి బతికింది. 2012లో వచ్చిన ఎంపీసీ రినైసెన్స్ చూస్తే జాలేస్తుంది, పేరుకే ఎంపీసీ, కంప్యూటరుకి తగిలిస్తే గానీ మూగదే. మనుషుల పని లాక్కున్న పెట్టె, తనే ఒక యూఎస్‌బీ మౌసు స్థాయికి దిగిపోయింది.

2017లో మళ్ళీ తిరిగింది చక్రం. ఎంపీసీ లైవ్, ఎంపీసీ ఎక్స్, రెండూ సొంతకాళ్ళ మీద నిలబడ్డవే. జనం ఎగబడి కొన్నారు. ఎందుకూ అంటే, ఈమెయిలు రాదు, అప్‌డేటు అడగదు, ఆఫీసు చాట్ టింగుమనదు. ఇంతకీ లోపలేముందో తెలుసా? ఏఆర్‌ఎమ్ ప్రాసెసరు, 2 జీబీ ర్యామ్, దాని మీద లినక్స్! కంప్యూటరు వద్దనుకుని నేను కొన్నది కూడా కంప్యూటరే. ఈ సంగతి మా రూమ్మేటుకి ఇంకా చెప్పలేదు, మీరూ చెప్పకండి. కానీ తేడా ఉంది. ఇది ఒక్క పని తప్ప వేరేది చెయ్యనని ఒట్టేసుకున్న కంప్యూటరు.

మామయ్య పరీక్ష

గత నెల మామయ్య కంటి పరీక్ష కోసం హైదరాబాదు వచ్చాడు. డోలక్ తెమ్మని ముందే ఫోన్లో బతిమాలాను. నా 'స్టూడియో' గురించి గొప్పగా ఊహించుకోకండి. మియాపూర్ ఫ్లాటులో పది అడుగుల గది. గోడకి అమ్మ కుట్టిన రెండు బొంతలు వేలాడదీశాను, ప్రతిధ్వని తగ్గడానికి. ఈ పెట్టెకి మైకు నేరుగా తగిలిస్తే చాలదు, మధ్యలో చిన్న మిక్సరు కావాలి, అది తెచ్చాను. ఫ్యాను కట్టేశాను. మూడో అంతస్తు కుక్కరు అయిదు కూతలు అయ్యేదాకా ఆగాం.

డోలక్ దెబ్బలు ఒక్కోటీ విడివిడిగా రికార్డు చేసి 16 మీటల మీద పేర్చాను. "మామయ్యా, ఇప్పుడు నువ్వే దీని మీద వాయించు" అన్నాను. వేళ్ళతో కాసేపు తడిమి చూసి, అరగంటలో పట్టేశాడు. నాలుగు ఆవర్తాలు వాయించాడు. వెనక్కి తిప్పి వినిపించాను.

విని, "ఇది నేను వాయించింది కాదురా అల్లుడూ" అన్నాడు.

"నువ్వే మామయ్యా, ఇప్పుడేగా కొట్టావ్."

"చప్పుడు నాదేరా. నడక నాది కాదు. ఎవడో లాయర్ వాయించినట్టుంది."

చూస్తే ఏముంది! ఈ పెట్టెలో టైమింగ్ కరెక్ట్ అనే మీట ఉంటుంది. లిన్ గారి ఆ పాత యాక్సిడెంటుకి పెట్టిన పేరు. నేను ఆపకపోతే అది పనిచేస్తూనే ఉంటుంది. మామయ్య ముప్పయ్యేళ్ళ చేతిని పట్టుకెళ్ళి గీతల మీద కూర్చోబెట్టింది. ఆపేసి మళ్ళీ వాయించమన్నాను. ఈసారి విని ఏమీ అనలేదు, తల మాత్రం ఊపాడు. 

ఆయన పడుకున్నాక నేను ఆ దెబ్బల జాబితా తెరిచాను. ఈ యంత్రం బీటుని 960 భాగాలుగా కొలుస్తుంది. మామయ్య రెండో దెబ్బ గీత కంటే 20 భాగాలు అటూ ఇటూగా వెనక పడుతోంది. మేం పెట్టుకున్న వేగంలో 14 మిల్లీసెకన్లు. ఒకసారి కాదు, దాదాపు ప్రతిసారీ, ప్రతి ఆవర్తంలో, అదే వైపు, అంతే దూరం. స్టాటిస్టిక్స్ చదివినవాళ్ళకి విప్పి చెప్పక్కర్లేదు. పొరపాటయితే ముందుకీ వెనక్కీ చెదరాలి. ఎప్పుడూ ఒకే వైపు, ఒకే దూరం ఉన్నదాన్ని పొరపాటు అనరు. అది ఆయన సంతకం. 'కరెక్ట్' అని పేరుపెట్టుకున్న మీట ఆ సంతకాన్నే తప్పు అనుకుని చెరిపేసింది.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి అనుకుంటారు గానీ నిజం. పెళ్ళి ఆర్కెస్ట్రాలో ఈయన బదులు మిషను పెట్టినప్పుడు అందరూ 'తాళం ఇప్పుడు పక్కాగా ఉంది' అనుకునే ఉంటారు. పక్కాగా ఉండటం వేరు, బాగుండటం వేరు అని ఆ రోజున ఎవరూ కొలవలేదు. విచిత్రమేంటంటే, ఇవాళ దాన్ని కొలిచి చూపించింది కూడా ఆ మిషనే.

తేల్చిందేమిటి

పెట్టెని తిట్టడం నా ఉద్దేశం కాదు. పెట్టె లేకపోతే నా పది అడుగుల గదిలో పాట లేదు, డిల్లా లేడు, పంచతన్ లేదు. తప్పు చెయ్యడం ఖరీదైన పని అని మొదట్లో చెప్పాను కదా. ఈ పెట్టెలు చేసిన అసలు మేలు, తప్పుని చవక చెయ్యడం. వెయ్యిసార్లు తప్పొచ్చు, ఎవడూ గంటకి డబ్బడగడు. చేసిన కీడు, ఏది తప్పో తేల్చే పని కూడా మెల్లగా మన దగ్గర్నుంచి తీసేసుకోవడం. అదీ ఒక డిఫాల్టు సెట్టింగు రూపంలో. డిఫాల్టులు రాసేది మన జాతే కాబట్టి ఈ మాట మనం పట్టించుకోవాలి. మనం 'ట్రూ' అని పెట్టి మర్చిపోయిన ఒక ఫ్లాగు, ఎక్కడో ఒక మనిషి పద్ధతిని తప్పుల జాబితాలో చేరుస్తుంటుంది.

రెండోది డబ్బు సంగతి. మన కాపీరైటు చట్టంలో 1994 సవరణతో వాయించినవాళ్ళకీ ప్రదర్శకులుగా ఒక హక్కు చేరింది, 2012లో అది ఇంకొంచెం బలపడింది. చట్టం సరే, ఇంట్లో మొదలుపెడదామని మర్నాడు పొద్దున్న మామయ్యతో అన్నాను. "ఈ దెబ్బలతో నేను చేసే ఏ పాటకి రూపాయి వచ్చినా అర్ధరూపాయి నీది. కాయితం రాసుకుందాం" అని. ఆయన నవ్వాడు. "నీ పాటకి రూపాయి ఎవడిస్తాడ్రా? డబ్బులు సర్లే గానీ, పేరేస్తావా?" అన్నాడు. ముప్పయ్యేళ్ళు స్టేజీ మీద వాయించిన మనిషి. బ్యానరు మీద ఆర్కెస్ట్రా పేరుండేది, గాయకుల పేర్లుండేవి. డోలక్ పేరు ఎప్పుడూ లేదు.

కాయితం రాసుకున్నాం. ఆ శబ్దాలున్న ఫోల్డరుకి ఆయన పేరే పెట్టాను. ఇద్దరం సంతకాలు పెట్టాం, రూమ్మేటు సాక్షి. పాట ఇంకా అవ్వలేదు, బేసు దగ్గర తంటాలు పడుతున్నా. డోలక్ మాత్రం అయిపోయింది. 14 మిల్లీసెకన్ల ఆలస్యంతో సహా, ఉన్నదున్నట్టుగా.

మీలో ఇంట్లో ఇలాంటి గోల పెట్టుకున్నవాళ్ళుంటే ఒక్క మాట. ముందు ఆ టైమింగ్ కరెక్ట్ ఆపి చూడండి. ఇంకో మాట, మీ అటక మీద ఏ వాద్యం ఉందో, దాని తాలూకు మనిషి ఎక్కడున్నారో ఒకసారి కనుక్కోండి.